మూడో చెవి

పెళ్ళయిన నలభై మూడో రోజున నేను మొదటిసారి విమానం ఎక్కాను. ఎగరడానికి కాదు, వినడానికి.

ఆ రోజు దాకా మా ఇంట్లో నాకు అన్నీ ముద్దొచ్చేవే. కాలింగ్ బెల్ సంగతే చూడండి. అందరి ఇళ్ళలో పిట్ట కూసినట్టు మోగే బెల్లు, మా ఇంట్లో పాత బడిగంట కొట్టినట్టు ఢంగుమని మోగుతుంది. కాపురానికి వచ్చిన రోజు అది విని, చెప్పులు విడుస్తున్నదాన్ని ఒక్క గెంతు గెంతాను. వంటింట్లో కుక్కర్ ఈలలు వినే పని లేదు. పొయ్యి పక్కన గోడకి మా ఆయన ఏదో తగిలించాడు, ఈల వచ్చినప్పుడల్లా ఎర్ర బల్బు వెలుగుతుంది. ఇక మా ఆయన గొంతు. బయట మామూలు మనిషిలాగే మాట్లాడతాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాడంటే మాత్రం, చేద బావిలోకి జారవిడిచినట్టు గొంతు కిందికి దిగిపోతుంది.

"ఇంట్లో పెద్దమనిషి వేషమా?" అని ఏడిపించేదాన్ని.

"అవును" అనేవాడు, అదే బొంగురు గొంతుతో.

వచ్చిన మొదటి వారమే నాకొక మాట చెప్పాడు. నాన్నతో మాట్లాడేటప్పుడు కాస్త నిదానంగా, ఆయన ముఖం చూసి మాట్లాడు అని. ఈ కాలంలో కూడా తండ్రంటే ఇంత గౌరవమా అని మురిసిపోయాను. నేను మామయ్య ముందు మా ఆయన్ని మీరంటాను, మా గదిలో నువ్వంటాను. మర్యాదల్లో మేమిద్దరం సమానమే అనుకున్నాను.

మామయ్య, మా ఆయన ఒకేచోట పని చేస్తారు. ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానం ఉంది. పక్కనే రేకుల షెడ్డు. విమానాల రేడియోలు బాగుచేయడం వాళ్ళ పని. మామయ్యకి అక్కడ ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. షెడ్డులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. "పాముచెవి గారు" అంటారు. రేడియో పెట్టెని వేలితో తట్టి, లోపల ఏ మర వదులైందో చెప్పేవారట. ఇంజన్లు పక్కనే హోరెత్తుతున్నా చెవులకి ఏదీ పెట్టుకునేవారు కాదట. చెవులు మూసుకుంటే ఇంక నా దగ్గర పనిముట్టు ఏముంది అనేవారట.

ఆయన చొక్కా జేబులో ఒక చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. దాని మీద ఆయన నంబరు. బాగుచేసిన రేడియోని ఆయన విని, పుస్తకంలో సంతకం చేసి, పక్కన ఆ ముద్ర వేస్తేనే విమానం కదలాలి. అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. ఇల్లు, ఆ ముద్ర, ఈ రెండే ఆయనకి మిగిలినవని మా ఆయన అన్నాడు. మామయ్య రిటైర్ కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.

నాకు ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా నచ్చింది వాతావరణ ప్రసారం. పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పెద్ద విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి రోజంతా ఒకే గొంతు చెప్పిందే చెబుతూ ఉంటుంది. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంత జోరు, ఎంత దూరం కనిపిస్తోంది, మబ్బులు ఎంత ఎత్తున ఉన్నాయి, వేడి ఎంత, గాలి పీడనం ఎంత. గంటకోసారి మారుతుంది. మారినప్పుడల్లా దానికి కొత్త అక్షరం, డి అయితే డెల్టా, ఇ అయితే ఎకో. మా ఆయన ఒక సాయంత్రం డాబా మీద చేతి రేడియోలో వినిపించాడు. డిగ్రీలో రేడియో తరంగాల గురించి పరీక్ష రాసి మరిచిపోయినదాన్ని, ఇప్పుడు అవి నా జుట్టులోంచి పోతున్నాయని తెలిసి తల తడుముకున్నాను.

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదొక ఆట. పొద్దున్నే తలుపు సందులోంచి నేను ప్రసారం చేస్తాను. "సమాచారం డెల్టా. వంటింట్లో గాలి ప్రశాంతం. కూర స్వల్పంగా మాడింది. పొగ వల్ల పెళ్ళాం సరిగా కనబడుట లేదు." సాయంత్రం తను షెడ్డు నుంచి ఫోన్ చేస్తాడు. "సమాచారం ఎకో. ఆకలి తీవ్రం. అరగంటలో దిగుతున్నాను."

ఆ ప్రసారం దగ్గరే చిక్కొచ్చింది.

పిల్లలకి విమానం నడపడం నేర్పే ఒకావిడ ఉంది. అందరూ పంతులమ్మ అంటారు. ఆవిడ నేర్పే విమానానికి తోక పసుపు రంగు. ఆ పసుపుతోకలో వాతావరణ ప్రసారం సరిగా వినబడటం లేదని, సన్నగా కీచుమని మోత వచ్చి మాటల్ని మింగేస్తోందని ఆవిడ ఫిర్యాదు పుస్తకంలో రాసింది. మామయ్య కూర్చుని విని, "పరీక్షించితిని. మోత లేదు" అని రాసి ముద్ర వేశారు. ఆవిడ మళ్ళీ రాసింది. ఆయన మళ్ళీ విని మళ్ళీ వేశారు. మూడోసారీ అంతే.

కిందటి వారం ఆవిడ శిష్యుడొకడు పసుపుతోకలో ఒంటరిగా వెళ్ళాడు. పెద్ద విమానాశ్రయంలో గాలి దిశ మారిందని ప్రసారం చెబుతూనే ఉంది, వాడికి మోత తప్ప ఏమీ వినబడలేదు. గాలికి ఎదురుగా దిగాల్సినవాడు, గాలిని వెనక పెట్టుకుని దిగాడు. విమానం రన్‌వే దాటిపోయి గడ్డిలో ఆగింది. వాడికేమీ కాలేదు. ముందు చక్రం వంగింది.

వర్క్‌షాపు మేనేజరు మామయ్యని పిలిచి ఒక్క మాటే అన్నాడట. "నాలుగో ఫిర్యాదు వస్తే మీ ముద్ర మీ అబ్బాయికి మారుస్తాను."

ఇదంతా మామయ్యే భోజనాల దగ్గర చెప్పారు. చెప్పి, నా వైపు తిరిగారు.

"కోడలు పిల్లా, ఆదివారం విమానం ఎక్కుతావా?"

"ఎక్కుతాను మామయ్యా." ఆయన మాట పూర్తయిందో లేదో కూడా చూసుకోలేదు.

"ఎగిరేదేం లేదు. కూర్చుని వినాలి. పంతులమ్మ మోత ఉందంటుంది, నేను లేదంటున్నాను. మూడో చెవి కావాలి."

"తనెందుకు నాన్నా? నేను వింటాగా" అన్నాడు మా ఆయన.

"నీ చెవి చెల్లదురా. నేనేమంటే నువ్వూ అదే అంటావు. ఈ పిల్లకి రేడియో తెలీదు, మొహమాటం అంతకన్నా తెలీదు. తను ఏం చెబితే అది పుస్తకంలో రాస్తాను."

నాకు పెద్ద బిరుదు ఇచ్చినట్టయింది. మా ఆయన మాత్రం అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

ఆదివారం స్కూటర్ మీద వెళుతుంటే, వెనక్కి తిరగకుండా అన్నాడు. "నాన్న ఏం అడిగినా, నాకు అలవాటు లేదు మామయ్యా, తెలియడం లేదు అని చెప్పు."

"ఎందుకు? నేనేమైనా మీట నొక్కి విమానం లేపేస్తానా?"

"ఊరికే చెప్పు. నాకోసం."

నేను నవ్వి, తన వీపు మీద వేలితో సున్నా చుట్టాను. ఆ వీపు బిగిసి ఉందని అప్పుడే గమనించాల్సింది.

షెడ్డు నాకెంత నచ్చిందో చెప్పలేను. గోడకి పెద్ద చెక్క, దాని మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారం ఎర్రరంగుతో గీసి ఉంది. పనిముట్టు తీస్తే దాని నీడ మిగులుతుంది. ఏది తిరిగి రాలేదో వెంటనే తెలుస్తుంది. మా వంటింట్లో గరిటెలకి కూడా ఇలాగే గీయాలని అప్పటికప్పుడు తీర్మానించుకున్నాను.

పంతులమ్మ పసుపుతోక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పొట్టిగా, ఎండకి కమిలిన ముఖం.

"బాబాయ్, తీర్పు చెప్పడానికి సొంత కోడల్నే తెచ్చారా? ఇదెక్కడి న్యాయం?"

"మా ఇంటికొచ్చి నలభై రోజులేనమ్మా. ఇంకా నా పార్టీలో చేరలేదు" అన్నారు మామయ్య.

ఎడమ సీట్లో ఆయన, కుడి సీట్లో నేను. రెక్కలు తగిలించిన చిన్న కారులా ఉంది లోపల. మా ఆయన నా కాళ్ళ దగ్గర వెల్లకిలా పడుకుని, మీటర్ల పలక కింద టార్చ్ వేసి వైర్లు చూస్తున్నాడు. మామయ్య నా తలకి హెడ్‌ఫోన్ తొడిగి, జుట్టు ఇరుక్కోకుండా సర్ది, మెయిన్ స్విచ్ వేశారు. రేడియో మీద అంకెలు వెలిగాయి.

దూరం నుంచి, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఆ గొంతు వచ్చింది. డాబా మీద విన్న గొంతే. చుట్టాలు కనబడినంత సంతోషమేసింది. మామయ్య కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ గొంతుతో పాటే చెబుతున్నారు. గాలి, చూపు, మబ్బు, వేడి, పీడనం. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే వరస.

"ఏముందమ్మా?" అన్నారు కళ్ళు తెరిచి.

"గొంతుంది మామయ్యా. దాని మీద దోమ ఉంది."

"దోమా?"

"దోమ చెవిలో దూరినట్టు. కీ మని. పైన పైన."

మా ఆయన చేయి కింది నుంచి వచ్చి నా కాలి బొటనవేలు పట్టుకుంది. గట్టిగా నొక్కింది. అందరి ముందూ ఇదేం సరసమని నాకు నవ్వాగలేదు. "ఏవండీ, ఆగండి" అని కాలు లాక్కున్నాను. ఆ నవ్వులోనే మామయ్య వైపు తిరిగి అనేశాను.

"ఇంత గట్టిగా వస్తోంది కదా, మీకు వినబడటం లేదా మామయ్యా?"

ఇన్నాళ్ళుగా ఆ మాట కోసమే చూస్తున్న పంతులమ్మ, అది వచ్చాక ముఖం తిప్పుకుని రెక్క మీద దుమ్ము తుడిచింది.

మామయ్య తన హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చారు, నాది తను పెట్టుకున్నారు. విన్నారు. సౌండ్ పెంచారు, తగ్గించారు. మళ్ళీ మార్చారు.

"ఇప్పుడు?"

"ఉంది" అన్నాను. ఈసారి నా గొంతు చిన్నదైపోయింది.

"ఒరే, లే. నువ్వు విను."

మా ఆయన లేచాడు. జుట్టులో దుమ్ము. విన్నాడు.

"ఉందా?"

తను హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిన్నే. ఉందా లేదా?"

"ఉంది నాన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పంతులమ్మ రాసినప్పటి నుంచే అనుకుంటా…"

"విమానంలో మోత సంగతి కాదురా నేనడిగేది."

మా ఆయన హెడ్‌ఫోన్ వైరుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "రెండేళ్ళయింది" అన్నాడు.

వంటింట్లో ఎర్ర బల్బు నా కళ్ళ ముందు వెలిగింది. ఆ తరువాత ఢంగుమనే బెల్లు. ఆ తరువాత బావిలోకి దిగే గొంతు. నిదానంగా మాట్లాడు, ముఖం చూసి మాట్లాడు. నలభై మూడు రోజులుగా నేను ముద్దు చేసుకున్నవన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. సన్న శబ్దాలన్నీ ఆయన్ని వదిలి వెళ్ళిపోతుంటే, ఒక్కొక్కదాని వెనకా మా ఆయన పరుగెత్తి, ఆయనకి తెలియకుండా, దానికి బదులు ఇంకోటి తెచ్చి పెట్టాడు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలియనిది ఇద్దరికే. మామయ్యకి, నాకు.

ఆయన దిగిపోతారనుకున్నాను. దిగలేదు. చొక్కా చేతులు పైకి మడిచారు.

"సరే. అమ్మాయ్, కదలకు. మోత ఉన్నంతసేపు వేలు ఎత్తి ఉంచు. పోతే దించు. మాట్లాడక్కర్లేదు."

వేలు ఎత్తాను. మీటరు ముల్లుని చూసినట్టు ఆయన నా వేలినే చూశారు. ఒక్కొక్క ఫ్యూజు మీట లాగుతూ వెళ్ళారు. తోక దీపం. వేలు పైనే. రెక్క దీపాలు. పైనే. ఇంధనం మీటరు. పైనే. ఫోన్ ఛార్జ్ చేసుకునే సాకెట్ మీట లాగారు. చెవిలో దోమ ఠక్కున ఆగిపోయింది. వేలు దించాను. మళ్ళీ వేశారు, ఎత్తాను. మూడుసార్లు అలాగే చేశారు.

"సాకెట్ మార్చేద్దాం నాన్నా, సరిపోతుంది" అన్నాడు మా ఆయన.

"ఆగరా. ఆ సాకెట్ రెండేళ్ళుగా ఇక్కడే ఉంది. అప్పుడు లేని మోత ఇప్పుడెందుకు వచ్చింది? దాని గోల దానిది. అది మన చెవిలోకి రావడానికి దారి ఎవరిచ్చారు?"

ఆ వెతకడం చూస్తే కడుపు నిండిపోయింది. చెవి తప్ప ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. అద్దం పెట్టి పలక వెనక చూశారు. హెడ్‌ఫోన్ గుచ్చే సాకెట్ దగ్గర ఆగారు. అది పలక లోహానికి తగలకూడదట. మధ్యలో పీచు అట్టతో చేసిన చిన్న వాషర్ ఉండాలి. అది లేకపోతే విమానంలో ఉన్న ప్రతి చిన్న గోలా ఒంటి లోహం గుండా నడిచి నేరుగా చెవిలోకి వస్తుంది. అక్కడ వాషర్ లేదు.

"ఎవరు బిగించారిది?" అంది పంతులమ్మ కిటికీలోంచి.

మామయ్య పని పుస్తకం అడిగి తీసుకున్నారు. నాలుగైదు పేజీలు వెనక్కి తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టారు. మా పెళ్ళికి మూడు రోజుల ముందు తారీఖు. హెడ్‌ఫోన్ సాకెట్ మార్చబడినది. విని సరిచూడబడినది. పక్కన సంతకం, గుండ్రటి ముద్ర.

"పెళ్ళి హడావుడి బాబాయ్. ఎవరికైనా జరుగుతుంది" అంది పంతులమ్మ.

"వాషర్ మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుందమ్మా. బిగించాక విన్నాను. విని ముద్ర వేశాను. ఆ తరువాత నువ్వు మూడుసార్లు చెప్పినా విన్నాను, వేశాను." ఆయన గొంతులో కోపం లేదు. ఎవరి ఫిర్యాదో చదువుతున్నట్టు చెప్పారు. "ఆ కుర్రాడి విమానం గడ్డిలో ఆగింది. చెట్టు ఉంటే చెట్టు దగ్గర ఆగేది."

కొత్త వాషర్లు రెండు, ముందొకటి వెనకొకటి వేసి బిగించారు. స్విచ్ వేశారు. నా వేలు ఒళ్ళోనే ఉంది. గొంతు కడిగినట్టు వచ్చింది. ఆయన అడగకుండానే, ఆయన ముఖం చూసి, నిదానంగా, లావు గొంతుతో ఒక్కొక్క మాటా చెప్పాను. ఆయన రాసుకున్నారు.

తరువాత పని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వరసలు నింపారు. లోపము కలదు. కారణము, వాషరు లేకుండా బిగించుట. బిగించినవారు, ఆయన నంబరు. మోతను కనుగొన్నవారు అన్న చోట "మా కోడలు" అని రాశారు. విని సరిచూసినవారు అన్న గడి ఖాళీగా వదిలేశారు. జేబులోంచి ముద్ర తీసి మా ఆయనకి అందించారు.

"నేను వినలేదు. నువ్వు విన్నావు. నీ పేరున ముద్ర వచ్చేదాకా విమానం కదలదు. దీన్ని రేపు మేనేజరుకి ఇవ్వు."

"పద్నాలుగు నెలలే నాన్నా. నేను విని చెబుతాను, మీరు వేయండి. ఎవరికీ తెలియదు."

"వినకుండా నాలుగుసార్లు వేసే ఉన్నాను. ఐదోది వద్దు."

"చెవి మిషన్ పెట్టించుకోవచ్చు బాబాయ్" అంది పంతులమ్మ మెల్లగా. ఆయనకి వినబడలేదు. మా ఆయన లావు గొంతుతో మళ్ళీ చెప్పాడు.

మామయ్య నవ్వారు. "అది కూడా ఒక రేడియోనే కదమ్మా. అది సరిగా పనిచేస్తోందో లేదో ఎవరు విని చెబుతారు?"

షెడ్డులోంచి వచ్చేటప్పుడు ఆయన గోడ మీది చెక్క దగ్గర ఆగి, తన స్క్రూడ్రైవర్‌ని దాని ఎర్ర నీడలో పెట్టి, వంకర లేకుండా సరిచేశారు.

సాయంత్రం మా గదిలో నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వు చెప్పినట్టు తెలియడం లేదని అనాల్సింది" అన్నాను.

"నువ్వు నిజమే చెప్పావు. నేనే రెండేళ్ళుగా చెప్పలేదు. ఆ కుర్రాడు చచ్చిపోయి ఉంటే?" అన్నాడు మా ఆయన. ఇంట్లో ఉండి కూడా గొంతు దించలేదు. ఇంక దించాల్సిన పని లేదని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఆ రోజు మా ప్రసారం లేదు.

హాల్లో ఏదో తీస్తున్న చప్పుడు. వెళ్ళి చూస్తే మామయ్య కుర్చీ ఎక్కి ఢంగుమనే బెల్లుని గోడ నుంచి ఊడదీస్తున్నారు. బల్ల మీద పాత బెల్లు ఉంది, పిట్ట బొమ్మ ఉన్న తెల్ల డబ్బా. సొరుగు అడుగు నుంచి తీశారట. అత్తయ్య కొన్నది.

"పాడైందన్నావు కదరా ఇది" అన్నారు. మీటరు ముళ్ళు రెండూ దానికి ఆనించి చూపించారు. "బాగానే ఉంది."

మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను అడిగి ఉండాల్సింది. ఆ ఎర్ర బల్బు పెట్టిన రోజే నేనూ నిన్ను అడిగి ఉండాల్సింది" అన్నారు ఆయన, వైర్లు బిగిస్తూ.

కుర్చీ దిగి, చేతులు దులుపుకుని, నన్ను పిలిచారు.

"అమ్మాయ్, బయటికి వెళ్ళి తలుపు వేసి నొక్కు. చెప్పి నొక్కకు. నీ ఇష్టం వచ్చినప్పుడు నొక్కు. వినబడితే నేనే తలుపు తీస్తాను. ఒరే, నువ్వు సైగలు చేయకు, అటు తిరుగు."

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. మెట్ల మీద పక్కింటివాళ్ళ సైకిలు ఉంది, దాని గంట మీద ఎండ చివరి ముక్క. స్విచ్చి నొక్కాను. లోపల పిట్ట ఎంతో బాగా కూసింది. నా చిన్నప్పటి నుంచి విన్న బెల్లులన్నిటిలోకీ బాగుంది. ఆగి, మళ్ళీ నొక్కాను. మూడోసారి నొక్కి, వేలు తీయకుండా ఉంచాను.

తలుపు అవతలి నుంచి, చాలా దగ్గరగా, చాలా ఓపికగా మామయ్య గొంతు వచ్చింది.

"తొందరేం లేదమ్మా. నీకు వీలైనప్పుడే నొక్కు."

నా వేలు స్విచ్చి మీదే ఉంది. పిట్ట కూస్తూనే ఉంది.